కాలానికి కుదురు నేర్పిన లోహశిల్పి: షార్ల్ ఎదువార్ గియోమ్

మన ఇళ్ళలో పెద్దల కాలంనాటి ట్రంకుపెట్టె తెరిస్తే, పెళ్ళిపత్రికల నడుమ, పట్టాకాగితాల నడుమ, ఒక పాత చేతి గడియారం కనిపించడం వింత కాదు. తోలుపట్టీ చివికి ఉంటుంది. అద్దం గీతలు పడి ఉంటుంది. తాళం తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం టిక్కుటిక్కుమంటూ ఇంకా ప్రాణం పలుకుతుంది. అటువంటి గడియారాలలో కొన్నింటి ముఖంపైనో, వెనుక మూతపైనో యాంటీమాగ్నెటిక్ అనే మాట చెక్కి ఉంటుంది. అయస్కాంతానికి లొంగనిది అని దాని భావం.

నేడు ఆ మాట ఉన్న పాత గడియారాలకు లోకంలో గొప్ప గిరాకీ ఉన్నది. 1948 ప్రాంతంలో బ్రిటిషు వైమానిక దళం కోసం స్విట్జర్లాండు సంస్థ ఐ.డబ్ల్యు.సి. తయారుచేసిన మార్క్ 11, అదే సంస్థ 1955లో వెలువరించిన ఇంజెన్యూర్, 1956లో రోలెక్స్ వారు తెచ్చిన మిల్‌గాస్, 1957నాటి ఒమేగా రైల్‌మాస్టర్ అన్నవి సేకర్తల కలల వస్తువులు. మిల్‌గాస్ అంటే వేయి గాస్‌ల అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకొనేది అని అర్థం. జెనీవాలోని సెర్న్ వంటి పరిశోధనశాలల్లో పనిచేసే శాస్త్రజ్ఞుల అవసరాన్ని దృష్టిలో ఉంచుకొని దానిని రూపొందించారు. తొలినాటి మిల్‌గాస్ ఒకటి 2023లో జెనీవా వేలంలో ఇరవై లక్షల స్విస్ ఫ్రాంకులకు పైబడి ధర పలికింది.

గడియారపు ముఖంపై సంస్థ పేరు ఉంటుంది. లోపల కొట్టుకునే గుండెకు కుదురు నేర్పిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఆ మనిషి షార్ల్ ఎదువార్ గియోమ్. 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం అందుకున్న ఆ మహనీయుని జీవితాన్ని ఈ వారం మన పాఠకులకు పరిచయం చేస్తున్నాము.

సరిహద్దు లోయలో జననం

గియోమ్ 1861 ఫిబ్రవరి 15న స్విట్జర్లాండులోని ఫ్లూరియే అనే ఊరిలో జన్మించారు. నూషతెల్ రాష్ట్రంలో, జూరా కొండల నడుమ, ఫ్రాన్సు దేశపు సరిహద్దుకు చేరువగా ఉన్న ఊరది. మన వంటి సరిహద్దు కుటుంబాలకు ఆయన వంశకథ కొత్తగా తోచదు. ఆయన తాతగారు ఫ్రెంచి విప్లవకాలంలో రాజకీయ కారణాలవల్ల ఫ్రాన్సు విడిచి లండను చేరి, అక్కడ గడియారాల వ్యాపారం నెలకొల్పారు. ముగ్గురు కుమారులు దానిని కొనసాగించారు. వారిలో ఒకరైన ఎదువార్ కొంతకాలానికి స్విట్జర్లాండుకు తరలివచ్చి ఫ్లూరియేలో స్థిరపడ్డారు. ఆయనే మన కథానాయకుని తండ్రి.

తండ్రి కేవలం వ్యాపారి కాదు, విజ్ఞానశాస్త్రాలలో మంచి ప్రవేశం ఉన్నవాడు. కొడుకుకు తొలి గురువు ఆయనే. ఇంట్లో గడియారపు పనిముట్లు, బయట చలికాలమంతా మంచుకప్పిన కొండలు, ఊరినిండా గడియారపు పనివారు. ఆ వాతావరణంలో పెరిగిన బాలునికి వెంట్రుకవాసి తేడా ఎంత విలువైనదో ఎవరూ ప్రత్యేకించి బోధించనక్కరలేకపోయింది. నూషతెల్‌లో పాఠశాల చదువు ముగించి, పదిహేడవ ఏట జూరిక్ నగరంలోని ప్రసిద్ధ పాలిటెక్నిక్‌లో చేరారు. ఉన్నత విద్య పూర్తిచేసి డాక్టరేటు సంపాదించారు. కొద్దికాలం ఫిరంగిదళంలో అధికారిగానూ పనిచేసి, యంత్రగతిశాస్త్రం మీద పట్టు సాధించారు.

కొలతల కోవెలలో అర్ధశతాబ్ది

1883లో, ఇరవైరెండేళ్ళ ప్రాయంలో, గియోమ్ ఫ్రాన్సు వెళ్ళి పారిస్ శివారులోని సెవ్ర్ గ్రామంలో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థలో సహాయకుడిగా చేరారు. ఆ సంస్థ పుట్టి అప్పటికి ఎనిమిదేళ్ళే. 1875లో పదిహేడు దేశాలు పారిస్‌లో కూడి చేసుకున్న మీటరు ఒడంబడిక దాని పుట్టుకకు మూలం. ఊరికొక గజము, రేవుకొక మణుగు ఉంటే వర్తకమూ సాగదు, శాస్త్రమూ సాగదు. అందుచేత అన్ని దేశాలకూ ఒకే మీటరు, ఒకే కిలోగ్రాము ఉండాలని ఆ దేశాలు నిశ్చయించాయి.

యువకుడైన గియోమ్‌కు తొలుత అప్పగించిన పని పాదరసపు ఉష్ణమాపకాలను సరిచూడడం. పైకి చాలా చిన్నపని. కాని కొలబద్ద వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. వేడి ఎంతో ఖచ్చితంగా తెలియకపోతే పొడవు ఎంతో చెప్పలేము. కనుక ఉష్ణమాపకమే అన్ని కొలతలకూ పునాది. ఆ పనిలో ఆరేళ్ళు మునిగితేలి, 1889లో సునిశిత ఉష్ణమాపనం మీద ఒక గ్రంథమే వెలువరించారు.

లీటరు సంగతి మరొకటి. కిలో నీటి ఘనపరిమాణం సరిగ్గా వేయి ఘన సెంటీమీటర్లని అంతకుముందు అందరూ నమ్మారు. గియోమ్, ఆయన సహచరులు జరిపిన కొలతలలో, ఆనాటి నిర్వచనం ప్రకారం లీటరు అంతకంటె సుమారు 28 ఘన మిల్లీమీటర్లు అధికమని తేలింది. ఒక నీటిబొట్టులో సగమంత. ఆ సగం బొట్టును పట్టుకున్న ఓర్పే ఆయన జీవితమంతటికీ మూలధనం.

ప్లాటినం బరువు, నికెలు వెతుకులాట

1889లో సెవ్ర్ సంస్థ సభ్యదేశాలకు మీటరు కడ్డీలను పంచిపెట్టింది. తొంభైపాళ్ళు ప్లాటినం, పదిపాళ్ళు ఇరీడియం కలిపి పోతపోసిన కడ్డీలవి. తుప్పు పట్టవు, అరగవు. కాని వాటి ధర సామాన్య పరిశోధనశాలకు అందనిది. ప్రతి దేశంలోని సర్వేశాఖలకూ, విద్యాలయాలకూ, కర్మాగారాలకూ నమ్మదగిన కొలబద్దలు కావాలంటే చౌకలోహం ఏదైనా దొరకాలి.

ఈ అన్వేషణను గియోమ్ తన భుజాన వేసుకున్నారు. మొదట శుద్ధమైన నికెలు బాగుందనిపించింది. అయితే పొడుగాటి కడ్డీలను లోపం లేకుండా పోయడం ఆనాడు కుదరలేదు. 1895లో సంస్థకు పరీక్షకు వచ్చిన నికెలు ఉక్కు ఒకటి వింతగా ప్రవర్తించింది. అందులోని లోహాలను బట్టి లెక్కకట్టినదానికంటె అది ఎక్కువగా వ్యాకోచించింది. మరుసటి ఏడు చేతికి వచ్చిన మరో నికెలు ఉక్కు కడ్డీ ఇందుకు పూర్తిగా విరుద్ధం. దాని వ్యాకోచం ప్లాటినం కంటె కూడా తక్కువ.

మరొకరైతే ఆ కడ్డీని విచిత్రమని పక్కన పెట్టి ఉండేవారేమో. గియోమ్ అలా చేయలేదు. ఇనుములో నికెలుపాలు కొద్దిపాటి హెచ్చితే వ్యాకోచం ఇంతగా మారుతున్నదంటే, ఎక్కడో ఒకచోట అది అతిస్వల్పమై తీరాలని ఊహించారు. మధ్యఫ్రాన్సులోని ఇంఫీ ఉక్కు కర్మాగారం వారు ఆయన కోరిన పాళ్ళలో కడ్డీ వెంట కడ్డీ పోసి ఇచ్చారు. ఆయన వాటిని వేడిచేసి, చల్లార్చి, కొలిచి, మళ్ళీ కొలిచారు. 1896లో ఆరంభమైన ఈ శోధనలో వందలాది మిశ్రమాలు ఆయన చేతులమీదుగా నడిచాయి.

ఫలితం నూటికి సుమారు 36 పాళ్ళు నికెలు, తక్కినది ఇనుము ఉన్న మిశ్రమలోహం. బండిచక్రానికి ఇనుపపట్టా తొడగడం చూసిన మన పల్లెవాసులకు దాని గొప్పతనం వివరించనక్కరలేదు. పట్టాను నిప్పుల్లో కాలిస్తే సాగుతుంది, చక్రానికి తొడిగి నీళ్ళు చల్లితే బిగుసుకుంటుంది. గియోమ్ లోహంతో పట్టా చేసి ఎండకు పెట్టి చూస్తే చలనమే కనబడదు. కిలోమీటరు పొడవున్న ఇనుపతీగ పది డిగ్రీల వేడికి సుమారు 12 సెంటీమీటర్లు సాగుతుంది. ఈ లోహపుతీగ సాగేది సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. మార్పులేనిది అనే అర్థంలో దానికి ఇన్వార్ అనే పేరు స్థిరపడింది.

అయినా ఆయన దానిని లోపరహితమని చాటుకోలేదు. ఇన్వార్ కడ్డీ ఏళ్ళు గడిచేకొద్దీ మిల్లీమీటరులో వేయవవంతుల లెక్కన తనంతట తాను పెరుగుతుందని గుర్తించి లోకానికి చెప్పినవారు ఆయనే. ఆ లోపానికి అందులో ఉన్న బొగ్గుపాలు కారణమని గ్రహించి, దానిని తగ్గించే మార్గాల కోసం దశాబ్దాలు శ్రమించారు.

నేలను కొలిచిన తీగ

భూమిని కొలిచేవారికి ఇన్వార్ వరప్రసాదమైంది. మన దేశంలో మహా త్రికోణమితి సర్వే జరిగిన కాలంలో నేలమీద ఒక మూలరేఖను కొలవడం ఎంతటి మహాయజ్ఞమో చరిత్రలో ఉన్నది. 1841లో బీదరు వద్ద, 1860 దశకంలో విశాఖపట్నం వద్ద, బెంగుళూరు వద్ద మూలరేఖలు కొలిచారు. ఇనుము, ఇత్తడి కడ్డీలను జంటగా బిగించి, ఒకదాని వ్యాకోచాన్ని మరొకదానితో సరిపుచ్చే పరికరంతో, ఎండ తగలకుండా నీడ కల్పించి, సూక్ష్మదర్శినితో కడ్డీ వెంట కడ్డీ చేర్చుకుంటూ సాగారు. కొద్ది మైళ్ళ నేలకు ఎందరో మనుషులు, ఎన్నో వారాలు కావలసి వచ్చేది.

ఇన్వార్ తీగ వచ్చాక ఆ కష్టం కథగా మిగిలింది. ఇరవై నాలుగు మీటర్ల తీగను కంబాల మీద లాగి పట్టుకొని, కొద్దిమంది మనుషులు రోజుకు కిలోమీటర్ల కొలది నేలను కొలవగలిగారు. 1906లో స్విట్జర్లాండు ఇటలీల నడుమ ఆల్ప్స్ కొండను తొలిచిన సింప్లాన్ సొరంగం సుమారు ఇరవై కిలోమీటర్ల పొడవునా ఈ తీగలతో కొద్దిరోజులలోనే కొలతకు వచ్చింది. పారిస్‌లోని ఐఫెల్ గోపురానికి సైతం గియోమ్ ఇన్వార్ తీగ కట్టించారు. ఎండ వచ్చినా, మబ్బు పట్టినా ఆ మహాకట్టడం ఎంత పెరుగుతున్నదో, ఎంత తరుగుతున్నదో తీగ చూపించింది.

గడియారపు గుండె

ఇప్పుడు మన ట్రంకుపెట్టెలోని గడియారం సంగతికి వద్దాము. తాళం తిప్పే గడియారంలో బ్యాలెన్స్ చక్రం అనే చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దానిని వెనుకకు లాగేది హెయిర్ స్ప్రింగ్. తలవెంట్రుక వలె సన్నని తీగచుట్ట. ఈ రెండూ సరిగా ఊగితేనే కాలం సరిగా నడుస్తుంది.

ఆ స్ప్రింగు మామూలు ఉక్కుతో చేసినదైతే వేడికి దాని బిగువు సడలుతుంది. సర్దుబాటు ఏదీ లేని గడియారం ఒక్క డిగ్రీ వేడి హెచ్చితే రోజుకు పది సెకండ్లకు పైగా వెనుకబడుతుంది. ఉదయపు చలికీ, మిట్టమధ్యాహ్నపు ఎండకూ పది డిగ్రీల తేడా ఉంటే లెక్క నిమిషాల్లోకి పోతుంది. నడిసముద్రంలో తూర్పు పడమరల స్థానాన్ని గడియారం చూసి నిర్ణయించుకొనే ఓడకు ఇది ప్రాణాపాయం. పూర్వపు పనివారు ఇత్తడి, ఉక్కు కలిపి అతికిన చక్రంతో ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. అయినా కొంత దోషం మొండిగా మిగిలింది. గియోమ్ అందులోని ఉక్కు బదులు తగినపాళ్ళ నికెలు ఉక్కు వాడి, ఆ మిగిలిన దోషాన్నీ దాదాపు తుడిచివేశారు. దానిని నేటికీ గడియారపు పనివారు గియోమ్ బ్యాలెన్స్ అనే పిలుస్తారు. ఓడగడియారాలకు, పరీక్షాలయాల పోటీలలో నిలిచే గడియారాలకు అది కిరీటమైంది.

ఆయన అంతటితో ఆగలేదు. షో ద ఫోన్ పట్టణపు గడియార నిపుణుడు పోల్ పెర్రే నికెలు ఉక్కు స్ప్రింగుతో చేసిన పరిశీలన ఒక కొత్త దారి చూపింది. ఆ లోహపు స్ప్రింగు వేడికి సడలవలసింది పోయి కొంత బిగుసుకున్నది. ఒకటి సడలుతుంది, మరొకటి బిగుస్తుంది అంటే, నడుమ ఎక్కడో కదలిక లేని స్థానం ఉండాలి. ఇన్వార్ కనుగొన్ననాటి తర్కమే ఇక్కడా పనికివచ్చింది. ఇనుము, నికెలులకు సుమారు పన్నెండుపాళ్ళ క్రోమియం జోడించి, మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి, వేడిలోనూ చలిలోనూ బిగువు మారని లోహాన్ని ఆయన సిద్ధంచేశారు. దాని పేరు ఎలిన్వార్.

అయస్కాంతపు చిక్కుముడి

ఎలిన్వార్ వలన మరో మేలు కలిగింది. ఉక్కు స్ప్రింగుకు ఒకసారి అయస్కాంతం సోకితే ఆ గుణం దానిలో నిలిచిపోతుంది. చుట్టకు చుట్ట అంటుకుంటుంది. ఊగే తీగ పొడవు తగ్గినట్లై గడియారం పిచ్చిగా ముందుకు పరుగెడుతుంది. విద్యుత్తు, రైలు, రేడియో, మోటార్లు పెరిగేకొద్దీ ఈ బెడద కూడా పెరిగింది. ఎలిన్వార్ కోవ లోహాలకు ఆ అంటుగుణం ఉక్కుకంటె చాలా తక్కువ. అవి తుప్పుకు కూడా అంత తేలికగా లొంగవు.

ఎలిన్వార్ కాస్త మెత్తనిది. ఆ కొరతను 1930 దశకంలో స్విస్ ఇంజనీరు రైన్‌హార్ట్ స్ట్రౌమన్ బెరీలియం చేర్చి సవరించారు. అదే నివరాక్స్. ఆనాటినుండి తాళపు గడియారాలలో అత్యధికం ఈ వంశపు స్ప్రింగులతోనే నడిచాయి. మార్క్ 11, మిల్‌గాస్ వంటివి మరో అడుగు ముందుకు వేసి, యంత్రం చుట్టూ మెత్తని ఇనుముతో లోపలి కవచం అమర్చాయి. అయస్కాంత బలరేఖలు ఆ ఇనుములోగుండా పక్కకు పోతాయి, యంత్రాన్ని తాకవు. కవచం కోటగోడ వంటిది, గియోమ్ వంశపు స్ప్రింగు కోటలోని కావలివాని వంటిది.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ఇన్వార్ వేడికి వ్యాకోచించకపోవడానికి మూలకారణం కూడా అయస్కాంతత్వమే. ఇనుము నికెలు పరమాణువులలోని అయస్కాంత అమరిక వలన ఆ లోహం కొంత ఉబ్బి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ అమరిక సడలి ఉబ్బు తగ్గుతుంది. అదే సమయంలో వేడివలన కలిగే వ్యాకోచం పెరుగుతుంది. రెండూ చెల్లుకు చెల్లు. రెండు వందల డిగ్రీలు దాటి అయస్కాంతగుణం నశించిన పిమ్మట ఇన్వార్ కూడా తక్కిన లోహాలవలెనే సాగిపోతుంది. ఈ రహస్యపు లోతులు భౌతికశాస్త్రజ్ఞులకు ఆయన తదనంతరం ఎంతోకాలం పని కల్పించాయి.

బహుమానం, విమర్శ

1902లో సంస్థకు ఉపసంచాలకులైన గియోమ్ 1915లో సంచాలకులయ్యారు. అది మహాయుద్ధకాలం. మీటరు ఒడంబడికలో పక్కపక్కన సంతకాలు చేసిన దేశాలే ఎదురెదురుగా ఫిరంగులు పేల్చుకుంటున్నాయి. పారిస్ శివారులో, అన్ని దేశాల ఉమ్మడి సొత్తైన మీటరునూ కిలోగ్రామునూ కాపాడే బాధ్యత స్విస్ పౌరుడైన ఆయన మీద పడింది. యుద్ధం ముగిసింది, సంస్థ నిలిచింది. 1921లో ఒడంబడికను సవరించి విద్యుత్తు ప్రమాణాలనుకూడా దాని పరిధిలోకి తెచ్చారు.

1920 భౌతికశాస్త్ర నోబెల్ బహుమానం ఆయనకు ప్రకటించినప్పుడు, తరువాత కూడా, పెదవి విరిచినవారు లేకపోలేదు. ఆనాటికి ఐన్‌స్టీన్ కీర్తి ఖండాంతరాలు వ్యాపించింది. గియోమ్ చదివిన జూరిక్ పాలిటెక్నిక్‌లోనే కొన్నేళ్ళ తరువాత చదివినవాడు ఐన్‌స్టీన్. ఆయనకు 1921 సంవత్సరపు బహుమానం 1922లో గాని అందలేదు. కాలం స్వరూపాన్నే మార్చి చూపిన మేధావి వేచి ఉండగా, గడియారపు లోహం కనిపెట్టినవానికి పట్టం కట్టడం న్యాయమా అని కొందరు ప్రశ్నించారు.

ఆ ప్రశ్నను తోసిపుచ్చలేము. గియోమ్ విశ్వరహస్యాన్ని విప్పిన సిద్ధాంతకర్త కాడు. అయితే ఎంతటి సిద్ధాంతమైనా చివరకు కొలతముందు నిలబడి పరీక్ష నెగ్గాలి. కొలబద్దే ఎండకు సాగిపోతే నిజానికీ అబద్ధానికీ హద్దు ఎవరు గీస్తారు? ఆ హద్దురాయిని పాతినవారు గియోమ్. బహుమానం వరుసలో ముందువెనుకలు చర్చించుకోవచ్చు గాని, ఆయన శ్రమ విలువను చిన్నబుచ్చడం తగదు.

చివరి దినాలు, చెరగని జాడ

1888లో వివాహమాడిన గియోమ్‌కు ముగ్గురు సంతానం. ఫ్రెంచి భౌతికశాస్త్ర సంఘానికి అధ్యక్షత వహించారు. ఫ్రాన్సు ప్రభుత్వపు ఉన్నత గౌరవాలు పొందారు. యాభై మూడేళ్ళు ఒకే సంస్థలో పనిచేసి 1936లో పదవీ విరమణ చేశారు. 1938లో సెవ్ర్‌లోనే కన్నుమూశారు.

ఆయన లోహం తరువాత కూడా కొత్త పనులు నేర్చుకుంటూ వచ్చింది. ద్రవరూపంలో సహజవాయువు మోసే ఓడల తొట్లలో, మేలురకం రంగుల టీవీ పిక్చర్ ట్యూబులలోని లోహపు జల్లెడలో ఇన్వార్ చోటు సంపాదించింది. గడియారాలలో ఇప్పుడు సిలికాన్ స్ప్రింగులు కూడా వచ్చాయి. 1988లో ఆగి 2007లో మళ్ళీ మొదలైన మిల్‌గాస్ తయారీ 2023లో నిలిచిపోయింది. 1961లో జపాను వారి సహకారంతో బెంగుళూరులో గడియారాల తయారీ ఆరంభించి, ఎన్నో పెళ్ళికొడుకుల మణికట్టును అలంకరించిన హెచ్.ఎం.టి. గడియార కర్మాగారాల కథ 2016లో ముగిసింది. మీటరు కడ్డీకి 1960లో, కిలోగ్రాము దిమ్మెకు 2019లో ప్రమాణపదవి పోయి, ప్రకృతి స్థిరాంకాలు ఆ స్థానం పొందాయి.

మన సరిహద్దు సంతలలో ఒకనాడు నైజాము సేరు ఒకటి, మద్రాసు పడి ఒకటి, బొంబాయి సేరు మరొకటి. గింజలు అమ్ముకోవడానికి హద్దు దాటిన రైతు ఎక్కడ ఎంత నష్టపోయాడో అతనికే తెలియదు. 1956నాటి చట్టం, 1957లో మన దేశం మీటరు ఒడంబడికలో చేరడం, 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగా కిలోల వాడుక వచ్చిన తరువాత హద్దుకు ఇరువైపులా తూకం ఒక్కటైంది. నేటికీ ఒకచోట గుంటెలు, ఒకచోట సెంట్లు అంటున్నాము. భాషలు వేరు, పాలనలు వేరు. కాని కిలో కిలోయే, మీటరు మీటరే. ఆ సమత వెనుక సెవ్ర్ సంస్థ ఉన్నది. ఆ సంస్థలో జీవితాన్ని అరగదీసుకున్న ఒక సరిహద్దు ఊరి బిడ్డ ఉన్నాడు.

ఇంట్లో పాత గడియారం ఉంటే పాతసామాన్ల బండికి వేయకండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, నమ్మకమైన గడియారపు మెకానిక్కు చేత వెనుక మూత తీయించి, లోపల ఊగే ఆ సన్నని తీగచుట్టను చూపించండి. తాతగారి చేతిమీద ఎండకూ వానకూ చలించక, ఆయన పొలం నుండి ఇల్లు చేరేవరకు వేళ తప్పక కొట్టుకున్న గుండె అది.